చివరి బండి నడకతో

(బెంగళూరులో మేడే సాయంత్రం, పౌరకార్మిక కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగం)



ఊరంతటికీ ఈరోజు సెలవు. మీలో చాలామంది మాత్రం చీకటితోనే లేచి, హాజరు వేయించుకుని, వీధులు ఊడ్చి, మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరి, మళ్ళీ ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. మీ నడుములు ఎంత నొప్పిగా ఉన్నాయో నాకు తెలుసు. నేనూ పొరక పట్టిన తల్లి కడుపున పుట్టినవాణ్ణే. కాబట్టి మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

ఈరోజు మీకు మంచు మీద జరిగిన ఒక పందెం గురించి చెబుతాను. మేడే రోజు పాస్టరయ్య మంచు పందెం గురించి చెప్పడమేమిటి అని నవ్వుకోవద్దు. కొంచెం ఓపిక పట్టండి.

పోయిన నెల మన యవ్వనస్థుల కూడికలో ఒక తమ్ముడు ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. దక్షిణ ధ్రువం దగ్గర నిలబడిన కొందరు సైనికుల ఫోటో అది. "అయ్యగారూ, వీళ్ళలో ఒకాయనకు రెండు కాళ్ళూ లేవంట. పందెంలో అంత దూరం పోయినాడంట" అన్నాడు. "ఫస్టు ఎవరొచ్చారురా?" అని అడిగాను. వాడు ఫోన్‌లో కాసేపు వెతికాడు. "ఎవరూ రాలేదు అయ్యగారూ. పందెం మధ్యలోనే ఆపేసినారు" అన్నాడు. పక్కనున్న ఇంకో పిల్లవాడు వెంటనే అన్నాడు: "అట్లయితే ఏం లాభం?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికి పోయి ఆ పందెం గురించి చదివాను. చదివింది మీకు చెబుతాను.

బ్రిటన్‌లో వాకింగ్ విత్ ద వూండెడ్ అని ఒక సేవాసంస్థ ఉంది. యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులు మళ్ళీ పనిలో, బతుకులో నిలదొక్కుకోవడానికి అది సాయం చేస్తుంది. 2013 చివర్లో ఆ సంస్థ అంటార్కిటికాలో ఒక పందెం పెట్టింది. బ్రిటన్ జట్టు ఒకటి, అమెరికా జట్టు ఒకటి, ఆస్ట్రేలియా, కెనడా వాళ్ళు కలిసి కామన్వెల్త్ జట్టు ఒకటి. మూడు జట్లలో కలిపి 12 మంది గాయపడిన సైనికులు. బ్రిటన్ జట్టుతో రాజకుమారుడు హ్యారీ కూడా నడిచాడు. పోవాల్సిన దూరం సుమారు 330 కిలోమీటర్లు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇక్కణ్ణించి దాదాపు చెన్నై దాకా.

ఆ నడక ఎలా ఉంటుందో వినండి. కాళ్ళకు స్కీలనే పొడవాటి చెక్కలు కట్టుకోవాలి. నడుముకు పట్టీ వేసుకుని, వెనక చక్రాల్లేని ఒక బండిని ఈడ్చుకుంటూ పోవాలి. దాన్ని పల్క్ అంటారు. తిండి, గుడారం, పొయ్యి, పొయ్యికి నూనె, పడుకునే సంచి, అన్నీ అందులోనే. బరువు 70 కిలోల దాకా ఉంటుంది. మనం తోపుడు బండిని ముందుకు తోస్తాం, వాళ్ళు వెనక కట్టుకుని ఈడుస్తారు. అంతే తేడా.

దారి నున్నగా ఉంటుందనుకోవద్దు. గాలి కోసి కోసి మంచును గట్లు గట్లుగా చేస్తుంది. వాటిని సస్త్రుగి అంటారు. దుక్కి దున్నిన చేను రాయిలా గడ్డకడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బండి ప్రతి గట్టుకూ తట్టుకుంటుంది, నడుమును వెనక్కి గుంజుతుంది. దక్షిణ ధ్రువం సముద్రమట్టానికి 2,800 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. మన ఊటీ కన్నా ఎత్తు. ఊపిరి సరిగా అందదు. డిసెంబరు అక్కడ ఎండాకాలం, సూర్యుడు 24 గంటలూ ఆకాశంలోనే ఉంటాడు. ఆ ఎండాకాలంలోనే సున్నాకు 30 డిగ్రీల కింద చలి. గాలి తోడైతే ఇంకా ఎక్కువ. తాగడానికి నీళ్ళు కావాలన్నా పొయ్యి వెలిగించి మంచు కరిగించుకోవాలి.

అందులో నడిచినవాళ్ళు ఎవరు? డంకన్ స్లేటర్ అనే బ్రిటిష్ సైనికుడు. అఫ్గానిస్తాన్‌లో పేలుడులో దెబ్బతిని రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. కృత్రిమ కాళ్ళతో నడిచాడు. ఇవాన్ కాస్ట్రో అనే అమెరికా సైనికాధికారి. ఇరాక్‌లో మోర్టారు గుండు పడి రెండు కళ్ళూ పోయాయి. చూపు లేకుండానే నడిచాడు.

ఆ మంచు మీద నడిచేవాళ్ళకు మూడు అలవాట్లు ఉంటాయి. ఆ మూడూ మనం గుర్తుపెట్టుకోవాల్సినవి.

మొదటిది. అక్కడ చలికన్నా చెమటకు ఎక్కువ భయపడతారు. గబగబా నడిస్తే చెమట పడుతుంది. ఆగిన వెంటనే ఆ చెమట బట్టల్లోనే గడ్డకట్టి ఒంటి వేడిని లాగేస్తుంది. కాబట్టి తెలిసినవాడు అక్కడ పరుగెత్తడు. చెమట పట్టనంత నిదానంగా, గంటల తరబడి నడుస్తాడు.

రెండోది. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చలికి ముక్కు, బుగ్గ మొదట తెల్లబడతాయి. తిమ్మిరెక్కి ఉంటుంది కాబట్టి నొప్పి కూడా తెలియదు. అలాగే వదిలేస్తే ఆ కండ చచ్చిపోతుంది. ఎవరి ముఖం వాళ్ళకు కనబడదు కదా. అందుకని ఆగిన ప్రతిసారీ పక్కవాడి ముఖం చూసి, "నీ ముక్కు తెల్లబడింది, కప్పుకో" అని చెప్పాలి. చెప్పేవాడు లేకపోతే మనిషి తనకు తెలియకుండానే పాడైపోతాడు.

మూడోది. జట్టులో ఎవరైనా నీరసపడితే వాళ్ళ బండిలోంచి కొంత బరువు తీసి మిగతావాళ్ళు తమ బండ్లలో వేసుకుంటారు. వాణ్ణి తిట్టరు, వదిలిపోరు. బరువును పంచుకుంటారు. వాడు ఆగితే జట్టంతా ఆగినట్టే అని వాళ్ళకు తెలుసు.

పందెం మొదలైన కొన్ని రోజులకే కష్టం బయటపడింది. దారి అనుకున్నదానికన్నా గట్టిగా ఉంది. ఒళ్ళు తట్టుకోలేకపోతోంది. జట్లు ఒకరిని మించి ఒకరు పోవాలని చూస్తే ఎవరో ఒకరికి తీరని నష్టం జరిగేటట్టుంది. అప్పుడు ఆ యాత్ర నడిపేవాళ్ళు ఒక నిర్ణయం చేశారు. పోటీ ఆపేశారు. నడక ఆపలేదు, పోటీ మాత్రమే ఆపారు. మూడు జట్లనూ ఒక్కటిగా చేశారు. 2013 డిసెంబరు 13న అందరూ కలిసి దక్షిణ ధ్రువం చేరారు. ఫస్టు లేదు, సెకండు లేదు. కాళ్ళు లేనివాడు, కళ్ళు లేనివాడు, రాణి మనవడు, అందరూ ఒకే రోజు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ యుద్ధాల్లో కాళ్ళు, కళ్ళు పోగొట్టుకున్నది సైనికులు మాత్రమే కాదు. అఫ్గానిస్తాన్‌లో, ఇరాక్‌లో పొలం పనికి పోయిన రైతులు, బడికి పోయిన పిల్లలు కూడా పోగొట్టుకున్నారు. వాళ్ళ కోసం ఎవరూ ధ్రువయాత్ర పెట్టలేదు. వాళ్ళను మరిచిపోయి ఈ కథ చెబితే అది సగం కథే అవుతుంది. కానీ ఆ నిర్ణయంలో ఉన్న మేలు మాత్రం మేలే. అది ఎందుకు మేలో తెలియాలంటే అంతకు 100 ఏళ్ళ ముందు అదే మంచు మీద జరిగిన ఇంకో పందెం తెలియాలి.

1911లో దక్షిణ ధ్రువానికి ఇద్దరు నాయకులు పోటీపడ్డారు. నార్వే నుంచి అముండ్‌సెన్, బ్రిటన్ నుంచి కెప్టెన్ స్కాట్. అముండ్‌సెన్ కుక్కల బండ్లతో 1911 డిసెంబరు 14న చేరాడు. ఆయన కూడా ఒంటరిగా గెలవలేదు. కుక్కల్ని నడపడం, జంతుచర్మాల బట్టలు వేసుకోవడం ఉత్తరాన మంచులో బతికే నెట్సిలిక్ ప్రజల దగ్గర అంతకు ముందే నేర్చుకున్నాడు. లోకం ఆయన పేరు మాత్రం రాసుకుంది, నేర్పినవాళ్ళ పేర్లు రాసుకోలేదు.

స్కాట్ ఇంకో నలుగురితో 1912 జనవరి 17న చేరాడు. అప్పటికే అక్కడ నార్వే జెండా ఉంది. తిరుగు ప్రయాణంలో ఆ అయిదుగురూ చనిపోయారు. చివరి ముగ్గురి గుడారం తర్వాతి తిండి నిల్వకు 18 కిలోమీటర్ల దూరంలోనే దొరికింది.

ఆ అయిదుగురిలో మొదట చనిపోయినవాడి గురించి చెబుతాను. పేరు ఎడ్గర్ ఎవాన్స్. వేల్స్ దేశపువాడు. మిగతా నలుగురూ అధికారి హోదా ఉన్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. ఇతనొక్కడే ఓడలో కింది తరగతి నుంచి వచ్చిన నావికుడు. అందరికన్నా భారీ మనిషి. బండ్లు బాగుచేయడంలో చెయ్యి తిరిగినవాడు. ఆ దారిలోనే బండ్లు సరిచేస్తూ ఉండగా చేతికి కోత పడింది. చెబితే ఎక్కడ వెనక్కి పంపేస్తారో అని ఆ గాయాన్ని మొదట దాచిపెట్టాడంటారు. ఆ చలిలో గాయం మానలేదు, చీము పట్టింది. అంత పెద్ద ఒంటికీ మిగతావాళ్ళకు ఇచ్చినంతే తిండి. 1912 ఫిబ్రవరి 17న దారిలో కూలిపోయి చనిపోయాడు.

కబురు బ్రిటన్ చేరాక ఏమన్నారో తెలుసా? ఆ నావికుడి వల్లే ఆలస్యమైంది అన్నవాళ్ళు ఉన్నారు. చదువులేనివాడు కాబట్టి మనసు నిలవక కూలిపోయాడు అన్నవాళ్ళు ఉన్నారు. నలుగురికని కట్టిన తిండి మూటలతో అయిదుగుర్ని తీసుకుపోయింది ఆ నావికుడు కాదు. దారిలో దాచిన డబ్బాల్లో కిరసనాయిలు తగ్గిపోయింది ఆ నావికుడి వల్ల కాదు. అయినా నింద మోయడానికి కిందివాడు దొరికాడు. గాయం దాచాల్సిన భయం ఎందుకొచ్చింది అని అడిగినవాళ్ళు తక్కువ.

అది చదివినప్పుడు నాకు మా అమ్మ చెయ్యి గుర్తొచ్చింది.

నాకు అప్పుడు పదేళ్ళు ఉంటాయి. చెత్తకుప్పలో పగిలిన సీసా ముక్క మా అమ్మ అరచేతిలో దిగింది. గ్లౌజులు లేవు. రక్తం తుడుచుకుని, పాత చీరముక్క చుట్టుకుని, పైట కొంగులో చెయ్యి దాచుకుని మూడు రోజులు ఊడ్చింది. ఎందుకు దాచావమ్మా అంటే, "మేస్త్రీ చూస్తే రేపట్నించి రావద్దంటాడు నాయనా" అంది. నాలుగో రోజు జ్వరంతో పడిపోయింది. ఆ చెయ్యి రెండు వేళ్ళు చివరిదాకా ముడుచుకోలేదు. మీ ఇళ్ళలో కూడా ఇలాంటి చేతులు ఉన్నాయి. ఆమెను ఎవరూ కొట్టలేదు. ఎవరి పేరు పెట్టి నేను ఫిర్యాదు చేయాలి? మనిషి గాయాన్ని దాచుకుంటే తప్ప కూలి దొరకని పద్ధతి ఆ పని చేసింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

2022 జూలైలో మీరంతా పొరకలు కింద పెట్టి రోడ్డు మీద కూర్చున్నారు. ఊరు కంపు కొట్టింది. అప్పుడు ఈ ఊరికి మీరు కనబడ్డారు. ప్రభుత్వం దిగివచ్చి ఖాయం చేస్తామని ఒప్పుకుంది. విడతలవారీగా చేస్తూ వచ్చింది. మీలో చాలామంది చేతికి ఆర్డరు వచ్చింది. ఆర్డరు కాగితాన్ని బైబిల్లో పెట్టుకుని వచ్చి నా దగ్గర ప్రార్థన చేయించుకున్న అమ్మలు ఉన్నారు. ఆ సంతోషం న్యాయమైనది. ఎన్నేళ్ళ చెమటకు దక్కిన కాగితం అది. దానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.

కానీ అందరికీ రాలేదు. ఊడ్చేవాళ్ళ లెక్క వేరు, చెత్త ఎత్తే ఆటో టిప్పర్ డ్రైవర్ల లెక్క వేరు, హెల్పర్ల, లోడర్ల లెక్క వేరు అన్నారు. ఒకే వీధి, ఒకే చెత్త. ఊడ్చిన అక్కకు ఖాయం, ఎత్తిన తమ్ముడికి కాంట్రాక్టు.

ఇక్కడ నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. ఆర్డర్లు వచ్చిన ఆదివారం మన సంఘంలో కృతజ్ఞతా కూడిక పెట్టాను. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరిని పేరు పెట్టి ముందుకు పిలిచాను. చప్పట్లు కొట్టించాను. బయట మెట్ల దగ్గర ఒక తమ్ముడు నిలబడి ఉన్నాడు. టిప్పర్ మీద హెల్పరు. వాళ్ళక్క లోపల ముందు వరసలో ఉంది. నేను అతన్ని చూశాను, పిలవలేదు. ఆ తర్వాత అతను మూడు వారాలు ఆరాధనకు రాలేదు. ఇంటికి పోతే, "నాకేం కోపం లేదయ్యా, ఊరికే రాలేదు" అన్నాడు. ముక్కు తెల్లబడినవాడికి నొప్పి తెలియదని ఇందాక చెప్పాను కదా. అతని ముఖం చూసి చెప్పాల్సింది నేను. నేను చూడలేదు. ఆ తమ్ముణ్ణి అడిగి, అతను సరేనంటేనే ఈ మాట ఇక్కడ చెబుతున్నాను.

ఇంకొక సంగతి. పోయిన రెండు నెలలుగా యూనియన్ కూటాలకు వచ్చేవాళ్ళు సగమయ్యారు. రానివాళ్ళు ఎవరో మీకు తెలుసు. ఆర్డరు చేతికి వచ్చినవాళ్ళే.

ఒక అన్న నాతో నిజాయితీగా అన్నాడు: "అయ్యగారూ, ముప్పై ఏళ్ళు పోరాడినాం. ఇప్పుడైనా కొంచెం నిమ్మళంగా ఉండనీయండి. వాళ్ళ కోసం మళ్ళీ రోడ్డెక్కితే వచ్చింది కూడా పోతుందేమో." ఆ భయాన్ని నేను తక్కువ చేయను. ఇంట్లో అప్పులున్నాయి, పిల్లల ఫీజులున్నాయి. ఒంట్లో బలం కూడా అయిపోయింది. ఆ అన్నను స్వార్థపరుడు అంటే అది అబద్ధం అవుతుంది.

ఆ అన్నకు నేను రెండు మాటలు చెప్పాను. మీకూ అవే చెబుతాను. మొదటిది, మన చేతికి వచ్చిన ఆర్డరు ఒక్కరి పందెంలో గెలిచిన బహుమానం కాదు. 2022లో టిప్పర్లు కూడా ఆగాయి కాబట్టే ఊరు కదిలింది. చెత్త ఎత్తే తమ్ముళ్ళు ఆ రోజు మన బండిని ఈడ్చారు. రెండోది, మీ ఆర్డరు చించేయమని ఎవరూ అడగడం లేదు. మంచు మీద నడిచేవాళ్ళు నీరసపడ్డవాడి కోసం తమ తిండి పారేయరు. అతని బండిలోంచి కొంత బరువు తీసుకుంటారు. అడిగేది అంతే.

వాక్యంలో నాకు ఎంతో ఇష్టమైన ఒక చోటు ఉంది. ఆదికాండం 33వ అధ్యాయం. ఎన్నో ఏళ్ళ తర్వాత అన్నదమ్ములు ఏశావు, యాకోబు కలుసుకున్నారు. ఏశావు వెంట 400 మంది మగవాళ్ళున్నారు. వడిగా నడిచేవాళ్ళు. రా తమ్ముడూ, కలిసి పోదాం అన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. నా పిల్లలు లేతవాళ్ళు, పాలిచ్చే పశువులున్నాయి, ఒక్క రోజు వడిగా తోలినా మంద చనిపోతుంది అన్నాడు. పిల్లల నడకకు, మంద నడకకు తగినట్టు నేను మెల్లగా వస్తాను, నువ్వు ముందు పో అన్నాడు.

ఇదే యాకోబు చిన్నప్పుడు ఏం చేశాడు? అన్నను మించిపోవాలని తల్లి కడుపులోనే మడమ పట్టుకున్నాడు. జ్యేష్ఠత్వం కొన్నాడు, ఆశీర్వాదం దొంగిలించాడు. బతుకంతా పందెమే. అలాంటివాడు ముందురోజు రాత్రి యబ్బోకు రేవు దగ్గర దేవునితో పెనుగులాడాడు. తొడ గూడు వసిలి కుంటివాడయ్యాడు. కుంటుతూ వచ్చినవాడే పిల్లల నడకతో నడుస్తానన్నాడు. తన కాలికి దెబ్బ తగిలాక గానీ వెనకబడ్డవాళ్ళు కనబడలేదు. మనకు తగిలిన దెబ్బలు తక్కువా? మనకు కనబడాలి.

ఇక చేయాల్సిన పనులు చెబుతాను. ఇవి ఆజ్ఞలు కావు. మీరు మాట్లాడుకుని సరే అంటేనే.

ఒకటి. ఖాయమైన ప్రతి ఇల్లూ నెలకు 100 రూపాయలు ఒక డబ్బాలో వేయాలి. కాంట్రాక్టు కింద ఉన్న తమ్ముడికి దెబ్బ తగిలి పని ఆగితే ఆ రోజుల కూలి అందులోంచి పోవాలి. గాయం దాచుకోవాల్సిన భయం మన పేటలోనైనా పోవాలి. నా ఇంటి వంతు ఈరోజే వేస్తున్నాను. లెక్క రాసేది ముగ్గురు అక్కలు, నేను కాదు.

రెండు. డ్రైవర్లను, హెల్పర్లను, లోడర్లను కూడా నేరుగా పనిలోకి తీసుకోవాలన్న అర్జీ మీద మొదటి సంతకాలు ఆర్డరు ఉన్నవాళ్ళవి కావాలి. లేనివాడు తన కోసం తాను అడిగితే ఆశ అంటారు. ఉన్నవాడు పక్కవాడి కోసం అడిగితే దాన్ని తోసేయడం అంత తేలిక కాదు.

మూడు. రోజూ పొద్దున హాజరు దగ్గర పక్కవాళ్ళ చేతులు, ముఖం చూడండి. దగ్గు ఎన్నాళ్ళనుంచి ఉందో అడగండి. గ్లౌజు చిరిగిందా, చెప్పు తెగిందా అడగండి. ఖర్చులేని పని ఇది.

ఆ పిల్లవాడు అడిగాడు కదా, పందెం ఆపేస్తే ఏం లాభం అని. నేను వాడికి అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. తమ్ముడూ, 1912లో పందెం ఆగలేదు. అయిదుగురిలో ఒక్కరూ ఇంటికి తిరిగి రాలేదు. 2013లో పందెం ఆగింది. 12 మందీ ధ్రువం చూశారు, 12 మందీ ఇంటికి పోయారు. అదే లాభం.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అర్జీ కాగితాలు బల్ల మీద ఉంటాయి. ఆ రోజు నేను పేర్లు పిలుస్తాను. ఈసారి మెట్ల దగ్గర నిలబడినవాళ్ళతో మొదలుపెడతాను. మెట్ల మీదే ఉండిపోకండి, లోపలికి రండి.

దేవుడు మిమ్మల్ని, మీ చేతులను కాపాడును గాక.